బాలల కథల పోటీలు పెట్టేవాళ్లకు: మా హీరోని కాస్త తప్పు చేయనివ్వండి

తెలుగులో బాలల కథల పోటీలు నడుపుతున్న సంస్థల పెద్దలకు, ఆ కథలు చదివి మార్కులు వేసే న్యాయనిర్ణేతలకు, బహుమతి కథలను పుస్తకాలుగా తెచ్చే ప్రచురణకర్తలకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే టీచర్ని. మీ పోటీ ప్రకటన వాట్సాప్ గ్రూపులో పడగానే పిల్లల చేత రాయించి పంపేవాళ్లలో నేనూ ఒకదాన్ని. బహుమతులు రాలేదన్న ఉక్రోషంతో రాస్తున్నానని అనుకోకండి. మా పిల్లలకు బాగానే వస్తున్నాయి, అసలు బాధ అదే. ఎలా రాస్తే వస్తుందో మాకు తెలిసిపోయింది.

సంస్థ ఏదైనా మీ నిబంధనలు దాదాపు ఒకేలా ఉంటాయి. కథ పిల్లల్లో నైతిక విలువలు పెంచాలి, మన సంస్కృతీ సంప్రదాయాలు కనిపించాలి, రెండు పేజీలు మించకూడదు. ఈ మూడూ కలిస్తే ఎలాంటి హీరో పుడతాడో నాకంటే మీకే బాగా తెలుసు, కట్టలకొద్దీ చదివేది మీరే కదా. వాడి పేరు రాము. పొద్దున్నే లేస్తాడు, సెల్‌ఫోన్ ముట్టడు, మొక్కలు నాటుతాడు, దారిలో దొరికిన పర్సు తీసుకెళ్లి హెడ్మాస్టర్ చేతిలో పెడతాడు, తాగుడు మానమని నాన్నతో అంటాడు, నాన్న ఆ రాత్రికే మానేస్తాడు (మా ఊళ్లో అలా మానిన నాన్న ఒక్కడు కూడా నాకు కనబడలేదు), చివర్లో జెండా పండగ రోజు స్టేజీ మీద శాలువా. పక్కన సోము అని ఒకడుంటాడు. వాడు ఇవేవీ చేయడు, దెబ్బ తింటాడు, రాము వచ్చి బుద్ధి చెప్తాడు. నాకైతే సోము గురించే చదవాలనుంటుంది, కానీ వాణ్ణి రెండో పేజీ దాటనివ్వరు.

ఈ రాము పిల్లవాడు కాదండీ, పదేళ్ల వయసున్న ప్రభుత్వోద్యోగి. స్వచ్ఛభారత్ వాడిదే, హరితహారం వాడిదే, మద్య నిషేధం వాడిదే, ట్రాఫిక్ రూల్సూ వాడిదే. పెద్దవాళ్లం మనం చేయాల్సి ఉండి చేయలేని పనులన్నీ వాడి నెత్తిన పెట్టి, చేసి చూపించమంటున్నాం.

ఏ కాలంలోనైనా పిల్లల కథలో హీరో ఆ కాలపు పెద్దవాళ్ల కోరికల్లోంచే వస్తాడు, అది కొత్తేమీ కాదు. కుమార శతకం తీసి చూడండి. పెద్దలు వద్దన్న దారిన పోవద్దు అని మొదలుపెట్టి, అదే పద్యంలో పరస్త్రీల వంక చూడొద్దని కూడా చెప్తుంది. ఎవరికి? బడికి పోయే కుర్రాడికి! సుమతి శతకం అయితే కరణాన్ని నమ్మితే ఏమవుతుందో, అప్పు దొరకని ఊళ్లో ఎందుకు ఉండకూడదో చెప్తుంది. ఆ రోజుల్లో పిల్లవాడంటే రేపు ఇల్లు, పొలం, అప్పులు, తగాదాలు చూసుకోవాల్సిన చిన్న సంసారి, బాల్యం అని విడిగా ఒక గది కట్టి అందులో ఎవరూ కూర్చోబెట్టలేదు. పంచతంత్రం కూడా అంతే కదా, మొద్దుల్లాంటి ముగ్గురు రాజకుమారులను ఆరు నెలల్లో దారికి తెస్తానని విష్ణుశర్మ చెప్పిన కథలవి, లోకంలో ఎలా నెగ్గుకురావాలో నేర్పడానికి. అందులో కోతి తన గుండె చెట్టు మీద మర్చిపోయానని మొసలికి ఎంత అందంగా అబద్ధం చెప్తుంది! ఇప్పుడు అదే కథని రంగుల బొమ్మలతో వేసి కింద ‘నీతి:’ అని ఒక గీత గీసి ఏదో ఒకటి రాస్తున్నారు. అబద్ధం చెప్పి ప్రాణం కాపాడుకో అని మాత్రం రాయలేరు, కథ చెప్పేది అదే అయినా.

ఇక మన సంస్కృతి అనే నిబంధన. దీని మీద నాకు అసలు గొడవ లేదు, నిజంగానే అమలు చేస్తే. తరగతిలో పోతన భాగవతం చెప్పేదాన్ని కాబట్టి అడుగుతున్నా, మన సంప్రదాయంలో పిల్ల హీరోలు ఎవరు? ప్రహ్లాదుడు. తండ్రి మాట వినడు, గురువులు చండామార్కులు నేర్పిన పాఠం అప్పజెప్పమంటే తనకు నచ్చింది చెప్తాడు, పైగా తోటి పిల్లలందరినీ తన వైపు తిప్పుకుంటాడు. ధ్రువుడు అయిదేళ్లవాడు, సవతి తల్లి అన్న మాటకు అలిగి ఇల్లు వదిలి అడవికి పోయాడు. నచికేతుడు తండ్రిని నన్నెవరికి ఇస్తావు, నన్నెవరికి ఇస్తావు అని విసిగించి విసిగించి యముడి గుమ్మం దాకా వెళ్లాడు. కృష్ణుడి సంగతి సరేసరి. వెన్న దొంగతనాలు ఒకెత్తు, మన్ను తిన్నావా అని తల్లి అడిగితే నేనేమైనా పసివాణ్ణా, ఆకలేసిందా, వెర్రివాణ్ణా, కావాలంటే నోరు వాసన చూడు అని దబాయించడం ఇంకో ఎత్తు. వీళ్లలో ఏ ఒక్కడి కథ పేర్లు మార్చి పంపినా మీ మొదటి వడపోతలోనే పోతుంది, ‘పెద్దల పట్ల గౌరవం లోపించింది’ అని పక్కన రాసి మరీ. శ్రవణ కుమారుడు ఒక్కడే గట్టెక్కుతాడు. ఇంతమంది ఉన్న సంప్రదాయంలోంచి ఏరి ఏరి ఒక్క శ్రవణుణ్ణే తీసుకుని దాన్నే మన సంస్కృతి అంటే ఎలా?

చందమామ రోజులే బంగారం అని కూడా నేను అనను. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో హీరోలు అసలు పిల్లలే కాదు. రాజకుమారుడో, పేద రైతు కొడుకో, యక్ష పర్వతం సీరియల్లో ఖడ్గవర్మ, జీవదత్తులో, అందరూ కత్తి పట్టే వయసున్న యువకులు. ఆడపిల్లలకు దొరికింది చాలాసార్లు ఎవడో మాంత్రికుడు ఎత్తుకుపోయిన రాకుమారి వేషం. అయితే చదివే పిల్లవాడి మీద ఆ పత్రికకు నమ్మకం ఉండేది. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ నెలల తరబడి నడిచేవి, హీరో గోతిలో పడితే మళ్లీ నెల దాకా గోతిలోనే ఉండేవాడు, వాణ్ణి ఎవరూ క్రమశిక్షణ పాటించి ఉంటే పడేవాడివి కాదు కదా అనేవాళ్లు కాదు. బేతాళ కథలైతే మరీ. కథంతా చెప్పి శవంలోని బేతాళుడు తప్పెవరిది అని అడుగుతాడు. విక్రమార్కుడి జవాబు చదివేలోపు మనమే ఒక తీర్పు ఇచ్చేసుకుని, అది ఆయన తీర్పుతో కలవకపోతే ఆయనతో పోట్లాడేవాళ్లం. ఆ పోట్లాట విలువ ముందు ‘నీతి:’ అని రాసే వాక్యం ఎంత?

ఇప్పుడు నాకు బాగా దగ్గరైన విషయం చెప్తాను, ఎందుకంటే మా బళ్లో సగం కథలు ఇక్కడే ఇరుక్కుంటాయి. జానపద కథల్లో పశులకాపరి ఎంత పెద్ద హీరో! చేతిలో కర్ర, మూటలో సద్దన్నం, అడవి దారులన్నీ తెలుసు, పాముల భాష తెలుసు, చివరికి రాజ్యం వాడిదే. ఆ కథలు చెప్పుకున్నవాళ్లకు పిల్లలు పని చేయడం వింత కాదు, ఇంట్లో అందరూ చేసేవాళ్లే. తర్వాత కాలం మారింది, మారాల్సిందే. 1990ల్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ ఊరూరా తిరిగి పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చింది, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అని వాదించింది, 2003లో ఆ సంస్థని నడిపిన శాంతా సిన్హాకి మెగసెసే అవార్డు వచ్చింది, 2010 ఏప్రిల్ నుంచి చదువు హక్కుగా అమల్లోకి వచ్చింది. అవి లేకపోతే ఇవాళ నా తరగతిలో కూర్చున్న పిల్లల్లో కొందరు పత్తి చేలలో ఉండేవాళ్లు, దాని మీద నాకు రెండో మాట లేదు.

కానీ కథల్లో ఏమైందో చూడండి. పశులకాపరి బడి బయటి పిల్లవాడయ్యాడు. గేదెల వెనక వెళ్తూ కిటికీలోంచి తరగతి వంక దీనంగా చూస్తాడు, టీచర్ గమనిస్తుంది, ఇంటికెళ్లి తండ్రికి నచ్చజెప్తుంది, వాడు బడికి వస్తాడు, పెద్దయ్యాక కలెక్టర్ అవుతాడు. ఈ కథలో హీరో ఎవరు? టీచరు. నా మీద ఇన్ని కథలు రాసినందుకు సంతోషమే గానీ, పిల్లవాడు చేసింది ఏమిటి, కిటికీలోంచి చూడటం తప్ప? అడవి దారులు తెలిసినవాడు, ఈనుతున్న గేదెను ఒంటరిగా చూసుకోగలిగినవాడు, కథలోకి వచ్చేసరికి ఒట్టి జాలి బొమ్మ. వాణ్ణి పనిలోంచి తప్పించాలనుకున్నాం, మంచిదే, పనిలో పనిగా వాడికున్న తెలివీ ధైర్యమూ కూడా తప్పించేశాం. మా పిల్లలు సెలవుల్లో మిరప కోతకు వెళ్తారు, ఆ కబుర్లు తరగతిలో చెప్పేటప్పుడు వాళ్ల మొహాలు చూడాలి, ఎవరు ఎన్ని బస్తాలు నింపారు, మేస్త్రీని ఎలా ఏమార్చారు, ఆటోలో పాటలు... అదే కాగితం ఇచ్చి రాయమంటే ‘పని చేయడం వల్ల మా బాల్యం నలిగిపోతున్నది’ అని రాస్తారు. అది వాళ్ల మాట కాదు, ఎక్కడో విన్నది. రెండూ నిజమే కావచ్చు, ఒకే కథలో రెండూ ఉండనివ్వరెందుకు?

ఉండొచ్చని చేసి చూపించినవాళ్లు లేకపోలేదు. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన కేంద్రం అన్వేషి 2008లో డిఫరెంట్ టేల్స్ పేరుతో పిల్లల పుస్తకాలు తెచ్చింది. అందులో గోగు శ్యామల కథలోని తాటకి పొలం పనికి పోయే పిల్ల, మీద చెయ్యి వేయబోయిన దొరకు బుద్ధి చెప్పిన పిల్ల. ఎవరో వచ్చి రక్షించేదాకా ఆగలేదు. ఖదీర్ బాబు కథలో ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండుతారు, పిల్లలుంటారు, సందడి ఉంటుంది, ఎవరి నుంచీ ఎవరూ ఏ గుణపాఠమూ నేర్చుకోనక్కర్లేదు. ఈ పుస్తకాలు ఎన్ని బడి లైబ్రరీల్లో ఉన్నాయో మీరే వాకబు చేయండి.

ఆడపిల్ల హీరో గురించి ఒక్క మాట. ఇప్పుడు ఆమె బాల్యవివాహం తప్పించుకోవడానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తుంది. ఆ నంబరు ప్రతి పిల్లకూ తెలియాల్సిందే. కానీ ఫోన్ పెట్టేశాక ఆమెకు కథలో ఇంకేం పని ఉండదు. అసూయ లేదు, దొంగతనంగా మామిడికాయ కోయడం లేదు, స్నేహితురాలితో మాటలు మానేయడం లేదు, పిచ్చి పిచ్చి కలలు లేవు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటుంది. తెలుగులో నిజంగా ప్రాణమున్న పిల్ల హీరోలు పెద్దల పత్రికల్లో పుట్టారు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు 1956–57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చాడు. బామ్మనీ బాబాయినీ ప్రైవేటు మాస్టార్లనీ వాడు చూసే తీరుకి పెద్దవాళ్లు పడీ పడీ నవ్వారు. నామిని కథల్లోని మిట్టూరోడూ, ఖదీర్ బాబు కథల్లోని దర్గామిట్ట కుర్రాడూ అంతే, అల్లరి చేస్తారు, తిట్లు తింటారు, పేదరికంలో కూడా ఠీవిగా తిరుగుతారు. మనం చదివి కళ్లు తుడుచుకుని మా చిన్నప్పుడు అచ్చం ఇలాగే అంటాం. అంటే మన బాల్యం గురించి మనం నిజం ఒప్పుకుంటాం, అది మనం మాత్రమే చదువుకోవాలి. పిల్లల చేతికి మాత్రం రాముని ఇస్తాం.

ఇంకో ముచ్చట కూడా ఉంది. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ 1945లో, ఆయనకు పద్నాలుగేళ్లప్పుడు, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారి ‘బాల’ పత్రికలో అచ్చయింది. ఆ కథ పేరు ‘అమ్మ మాట వినకపోతే’. చూశారా, బుడుగుని పుట్టించబోయే మనిషి కూడా పిల్లవాడిగా ఉన్నప్పుడు పెద్దలకు నచ్చే పేరే పెట్టాడు! పిల్లలు రాసిన కథల సంకలనాలకు మీరు ముందుమాటలు రాస్తూ ‘చిన్నారుల నిర్మలమైన మనసుల్లోంచి వచ్చిన విలువలు’ అని మురిసిపోయినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. నిర్మలమైన మనసుల్లోంచి కాదండీ, మీ ప్రకటనలోంచే వచ్చాయి. మధ్యాహ్నం అన్నం తింటూ మా పిల్లలు చెప్పుకునే కథల్లో తాటితోపులో దయ్యం ఉంటుంది, దొంగకి కారం కొట్టిన పెద్దమ్మ ఉంటుంది, కోడిపందెంలో పోలీసులు వస్తే గోడ దూకి పారిపోయిన మామ ఉంటాడు. బెల్ కొట్టి కాగితాలు పంచగానే ‘అనగనగా ఒక ఊరిలో రాము అనే మంచి బాలుడు’.

పిల్లలు చూసి నేర్చుకుంటారు కదమ్మా, జాగ్రత్త అవసరం కదా అని మీలో ఒక పెద్దాయన ఒక సభలో నాతో అన్నారు. ఆయన సదుద్దేశం మీద నాకు అనుమానం లేదు. కానీ పిల్లలు మన కథలు చదివి చెడిపోతారన్న టెన్షన్ ఎందుకండీ, అసలు చదవడం మానేశాక? సాహసం, అల్లరి, తిండియావ, స్నేహితుల ముఠా, ఇవన్నీ మనం కథల్లోంచి తీసేస్తే అవెక్కడికీ పోలేదు, టీవీకి వెళ్లాయి. 2008లో ఛోటా భీమ్ తయారైంది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోనే. లడ్డూలు మింగి, పిడికిలి బిగించి, పెద్దవాళ్ల అనుమతి కోసం చూడకుండా దూకే పిల్లవాడు. నాకు ఆ కొట్లాటలు అంతగా నచ్చవు, వాడి స్నేహితురాలు చుట్కీ ఎప్పుడూ లడ్డూలు అందించడం అసలు నచ్చదు, కానీ పిల్లలు వాడి వెంట ఎందుకు పోయారో మాత్రం అర్థమవుతుంది. వాడు ఏదో ఒకటి చేస్తాడు. రాము ఏమీ చేయడు, ప్రవర్తిస్తాడంతే.

దీనికంతటికీ మీ ఆలోచనలొక్కటే కారణం కాదు, ఆ రెండు పేజీల నిబంధన కూడా. కథలు రాయించేదాన్ని గనక చెప్తున్నా. రెండు పేజీల్లో హీరో తప్పు చేయొచ్చు, కానీ ఆ తప్పులో కాసేపు బతకడానికి చోటుండదు. దాచిపెట్టడం, భయపడటం, ఇంకో అబద్ధం ఆడటం, స్నేహితుణ్ణి ఇరికించడం, రాత్రి నిద్ర పట్టకపోవడం, చివరికి తనంతట తాను ఏదో దారి వెతుక్కోవడం, వీటికి పేజీలు కావాలి. అవి లేనప్పుడు తాతయ్యని పిలిచి నాలుగు వాక్యాలు చెప్పించడం ఒక్కటే మార్గం. అందుకే మీ బహుమతి కథలన్నిటి చివరా ఒక తాతయ్య ఉంటాడు. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా, ప్రచురణ సంస్థ మంచి పుస్తకం కలిసి పిల్లల నవలల పోటీ పెట్టినప్పుడు నాకు సంతోషం కలిగింది అందుకే, నవల అనగానే హీరోకి ఊపిరి తీసుకునే జాగా దొరుకుతుంది. అందరూ నవలలే పెట్టాలని కాదు, ఎనిమిది పది పేజీల కథకి వీలివ్వండి. ఎక్కువ చదవాల్సి వస్తుంది, జడ్జీలకు ఓపిక ఉండదు అంటారా, వంద కథలకు ప్రోత్సాహక బహుమతులిచ్చి వంద మెమెంటోలు కొనే బదులు పదిమందికే ఇవ్వండి, ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు చదివేవాళ్లను పెట్టుకోవచ్చు. వాళ్లలో కొందరు పిల్లలే అయితే మరీ మంచిది, మా ఎనిమిదో తరగతి నుంచి పంపిస్తాను, వాళ్లు మొహమాటపడరు.

నైతిక విలువలు అన్న ముక్క తీసేయడానికి కమిటీలో అందరూ ఒప్పుకోరని నాకు తెలుసు. పోనీ ఒక్క ఏడాది ఇలా చేయండి. ఆ వాక్యం ఉంచండి, దాని కింద ఇంకొక వాక్యం చేర్చండి: కథలో ముఖ్యపాత్ర చేసిన పనికి పెద్దవాళ్లు మెచ్చుకోవాల్సిన అవసరం లేదు, కథ చివర నీతి రాయకూడదు, పిల్లలు తమ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయొచ్చు. ఇంటి తెలుగు మాట ఎందుకంటే, రాము ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడతాడు, అబద్ధం ఆడాలంటే ఆ భాష చాలదు. జడ్జీలకిచ్చే మార్కుల పట్టికలో సందేశానికి వేసే మార్కులు తీసి, ఆ పిల్లవాడు తర్వాత ఏం చేస్తాడో అని పేజీ తిప్పాలనిపించిందా అనే దానికి వేయమనండి.

వచ్చే బాలల దినోత్సవానికి మీ ప్రకటనలు ఎప్పటిలా దసరా సెలవుల ముందే వస్తాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నా. మా ఏడో తరగతిలో ఒకమ్మాయి దగ్గర గోడ దూకిన మామ కథ నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు ఉంది, ఇంకా అయిపోలేదు. మామ ఇప్పుడు పోలీసాయన ఇంటి అటక మీదే దాక్కుని ఉన్నాడు, పోలీసాయన కూతురు వాడికి రోజూ అన్నం పెడుతూ వాడి దగ్గర జూదం నేర్చుకుంటోంది. పంపమంటే పంపుతాను.

ఇట్లు,
ఒక తెలుగు టీచరు